పన్ను ఊడిన చోట ఆగిన పాట

సెలూన్లో గడ్డానికి సబ్బు పూయించుకుని కూర్చున్న ఆర్విల్ టిబ్స్‌కి ఒళ్ళు మండిపోయింది. రేడియోలో న్యూయార్క్ నుంచి వచ్చిన కొత్త రికార్డు మోగుతోంది. వాయించేది ఐదుగురే, వెనక ఎవరో తరుముతున్నట్టు వాయిస్తున్నారు. దీన్ని బీబాప్ అంటారనీ, పాత పెద్ద బ్యాండ్లతో దీనికి చుట్టరికమే లేదనీ, ఆకాశం నుంచి ఊడిపడిందనీ రేడియోవాడు ఊదరగొడుతున్నాడు.

ఆకాశం నుంచట! ఆ పాట వరుస ఆర్విల్‌ది. కాన్సాస్ సిటీలో పద్నాలుగు మంది బ్యాండులో పదకొండేళ్ళు ట్రంపెట్ ఊదాడు. వాళ్ళకి స్వరాలు రాసుకున్న కాగితాలుండేవి కావు. ఒకడు నాలుగు స్వరాలు ఎత్తుకుంటే పక్కవాడు అందుకునేవాడు, పాట ముగిసేలోగా అది అందరిదీ అయ్యేది. ఎవరిదన్నది ఎవరూ రాసుకోలేదు, అదే కొంప ముంచింది. ఆ బ్యాండులోనే రెండేళ్ళు అతని ముందు కుర్చీలో కూర్చుని సాక్సఫోన్ ఊదిన లూషియస్ బెల్ ఇప్పుడు ఆ రికార్డుతో మొనగాడయ్యాడు. బ్యాండు విడిపోయాక ఆర్విల్ మాంసం ఫ్యాక్టరీలో చేరాడు. రేడియోలో వచ్చేది నా పాటేనంటే అక్కడ జనం నవ్వారు. ఆ నవ్వు అతనికి ముల్లులా గుచ్చుకుంది.

లూషియస్ ఊరొచ్చిన శనివారం, మధ్యాహ్నం వాద్యగాళ్ళ సంఘం హాలుకి ఆర్విల్ నేరుగా పోయాడు. ఆ వరుస మన బ్యాండుదేనని నలుగురిలో ఒక్కసారి చెప్పమన్నాడు. అంతకుమించి ఏమీ అడగలేదు.

అక్కడ భోంచేస్తున్న లూషియస్ చేతికంటిన మాంసం పులుసు తుడుచుకుంటూ నవ్వాడు. "మీరు డాన్సులకి వాయించినోళ్ళు అన్నా. ఇది కూర్చుని వినే సంగీతం. దానికీ దీనికీ పోలికేంటి?"

ఆర్విల్ పళ్ళు నూరాడు. ఆ పాట ఊదమన్నాడు. లూషియస్ ధీమాగా ఊదాడు. మూడో చరణం మధ్యలో, గుక్క మిగిలుండగానే, చిన్నగా ఆగి మళ్ళీ అందుకున్నాడు.

"అక్కడెందుకు ఆగావ్?"

"అదంతే. అక్కడ ఆగాలి."

"ఆగాలని ఎవరు చెప్పారు?"

ఆర్విల్ పైపెదవి ఎత్తి చూపించాడు. ఓక్లహోమా దారిలో బ్యాండు బస్సు బోల్తాపడ్డప్పుడు ముందు పన్ను ఊడింది. ఆ సందులోంచి గాలి జారిపోయి, గుక్క చాలక అతను అక్కడ ఆగేవాడు. మిగతా పదమూడు మందీ ఆ ఆగడంతో సహా నేర్చుకున్నారు.

హాల్లో ఎవరూ నవ్వలేదు.

"నాకు పన్ను లేక ఆగాను. నీ పళ్ళన్నీ ఉన్నాయి గదరా, నువ్వెందుకు ఆగావ్?"