ఎర్రసిరా మేడం

యూనివర్సిటీ లైబ్రరీలో ఫిర్యాదుల పెట్టె తెరిచేది ఆవిడే. పిల్లలు ఎర్రసిరా మేడం అంటారు. పొద్దున్నే కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, నలిగిన చీటీలను అరచేత్తో చదును చేసి, ఒక్కొక్కదాని కిందా ఎర్రసిరాతో 'పరిశీలనలో ఉంది' అని రాసి నోటీసు బోర్డుకు గుచ్చుతుంది. ఫ్యాను తిరగడం లేదన్నా, పుస్తకంలో పేజీలు చింపుకుపోయారన్నా జవాబు అదే. అదే రాయాలని లైబ్రరీ పెద్దసారు హుకుం. రాసినప్పుడల్లా ఆవిడకు ఒళ్ళు మండుతుంది. ఆ మంటంతా కలం మీద చూపిస్తుంది. అక్షరాలు కాగితం వెనక్కి పొడుచుకొస్తాయి.

ఆ రోజు ఒకే ఫిర్యాదు నాలుగోసారి వచ్చింది. రెండో అంతస్తులో ఆడపిల్లల బాత్రూముకు తాళం వేశారని, ప్రతిసారీ హాస్టల్ దాకా పరుగెత్తాల్సి వస్తోందని. మేడం ఆ చీటీ పట్టుకుని తిన్నగా పెద్దసారు గదికి వెళ్ళింది. "తనిఖీవాళ్ళు వచ్చేదాకా శుభ్రంగా ఉండాలి కదమ్మా. ఎప్పుడూ రాసేదే రాసి పడెయ్యండి" అన్నాడాయన. "తనిఖీ ఎప్పుడు సార్?" "వచ్చే ఏడాది ఉండొచ్చు." "అప్పటిదాకా పిల్లలు బిగబట్టుకుని కూర్చోవాలా?" ఆయన వినపడనట్టు ఫోను చెవికి ఆనించుకున్నాడు. ఆయన కుర్చీ వెనక మేకుకు ఆ బాత్రూము తాళంచెవి వేలాడుతోంది. మేడం చెయ్యి చాచి దాన్ని తీసుకుంది. ఆయన "ఏమ్మా, ఏమ్మా" అన్నాడు కానీ ఫోను వదల్లేదు. మధ్యాహ్నానికి బోర్డు చుట్టూ ఆడపిల్లలు మూగారు. చీటీ పక్కన తాళంచెవి దారంతో వేలాడుతోంది. కింద ఎర్రసిరాతో, ఈసారి తీరిగ్గా, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: 'జవాబు జతపరచడమైనది.'