రుచి చూసేవాళ్ల బంతి

ముందే చెప్పేస్తున్నాను, నేను కాస్త పెంచి చెప్పే మనిషిని. పాతికేళ్లుగా విజయవాడ చుట్టుపక్కల పెళ్లిళ్లకు క్యాటరింగ్ చేస్తున్నాను. మూడొందల మందికి వండి వెయ్యి మంది తిన్నారని చెప్పకపోతే మా వృత్తిలో ఇంట్లోవాళ్లు కూడా లెక్కచేయరు. కాబట్టి ఇందులో గిన్నె కనిపిస్తే సగానికి తగ్గించుకోండి, మీసం కనిపిస్తే పావుకి తగ్గించుకోండి. మనుషుల్ని మాత్రం తగ్గించకండి.

కరోనా సద్దుమణిగి, వాయిదా పడ్డ పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా మా నెత్తిన పడ్డ మాఘమాసం అది. గన్నవరం దాటాక హైవే పక్కన ఫంక్షన్ హాల్. దాని దీపాలు చూసి ఎయిర్‌పోర్టులో దిగాల్సిన విమానాలు దారి తప్పేవి. వెనక వంటశాలలో మా సాంబారు గుండిగలో సిటీ బస్సును ముంచి కడగవచ్చు. మా పెద్ద వంటమనిషి ఖాజా తిప్పే గరిటెను నాగాయలంక పడవలవాళ్లు చూస్తే తెడ్డనుకుని అద్దెకు అడుగుతారు.

పెళ్లి పెత్తనం అంతా పెళ్లికూతురి బాబాయిగారిది. మీసాలు గుమ్మంలోంచి పక్కకు తిరిగితేనే పట్టేవి. ఫోన్లో హలో అంటే అవతలివాడికి ఫోన్ లేకపోయినా వినిపించేది. తెల్లవారుతూనే ఆయన నాకొక నియమం చెప్పాడు.

"మగపెళ్లివారి బంతి లేచేదాకా ఒక్క ఆకు పడకూడదు. మేళం వాళ్లు, ఫొటోలవాళ్లు, డ్రైవర్లు అందరూ ఆఖరి బంతి."

బంతి అంటే ఆకులు వేసి వరసగా కూర్చోబెట్టి వడ్డించే భోజనం. ఆఖరి బంతి సంగతి తెలియనివాళ్లకు చెబుతాను. అందులో గుత్తివంకాయకు తొడిమ మిగులుతుంది, పప్పుచారుకు చారు మిగులుతుంది, ఐస్‌క్రీమ్‌కు డబ్బా మిగులుతుంది. పెళ్లికి అందరికన్నా ముందు వచ్చినవాళ్లు అందరికన్నా చివర తినేది అది. అన్ని హాళ్లలోనూ ఇంతే. నేను కూడా అప్పటిదాకా అంతే చేసేవాణ్ణి.

"రుచి మీరొకసారి చూసి సరే అంటే బాగుంటుందండీ" అన్నాను.

మా పనిలో టేస్టింగ్ అని ఒకటుంది. గుండిగ దించాక, వడ్డనకు ముందు, వంటవాడు కాకుండా ఇంకొకరు ఉప్పూ పులుపూ చూడాలి. పొగకీ ఆవిరికీ వంటవాడి నాలుక మొద్దుబారిపోయి ఉంటుంది. మామూలుగా ఇంటి పెద్ద చూస్తాడు.

"నాకెక్కడ తీరుద్దయ్యా. మీరే ఎవరిచేతనైనా చూపించుకోండి" అని ఆయన ఫోనెత్తాడు.

ముహూర్తం మధ్యాహ్నం భోజనాలయ్యాక. పెళ్లికొడుకు ముందే కారులో వచ్చేశాడు. చుట్టాల బస్సులు మాత్రం హనుమాన్ జంక్షన్ దగ్గర ఇరుక్కుపోయాయి. ముందు చేపల లారీ ఒకటి అడ్డంగా తిరగబడిందట. రోడ్డు మీద చేపలు ఎంత ఉన్నాయంటే కొల్లేరు కొంగలన్నీ సెలవు పెట్టి అక్కడికే వెళ్లాయి. బస్సులు రావు, బంతి పడదు. పదకొండున్నర దాటింది, పన్నెండు దాటింది. ఇక్కడ తంతులు జరుగుతూనే ఉన్నాయి గనక మేళం ఆగడానికి లేదు.

అప్పుడు వంటశాల వెనక గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడ్డాడు. డోలు వాయించే సుబ్బయ్యగారు, అవనిగడ్డ వైపు మనిషి. తెల్లపంచె, నుదుటిన బొట్టు, మాఘమాసంలో కూడా మెడనిండా చెమట.

"బాబూ, గుప్పెడు పంచదార ఉంటే ఇప్పిస్తారా."

"కాఫీకా అండీ?"

"కాదు, నోట్లో వేసుకోడానికి. పదకొండున్నరకల్లా భోజనం పెడతామన్నారు గదా అని ఇంజెక్షన్ వేసుకున్నా."

చేయి చాపాడు. వేళ్లు వణుకుతున్నాయి. మా ఆవిడకూ షుగరే, అందుకని నాకు వెంటనే అర్థమైంది. ఇన్సులిన్ వేసుకున్నాక వేళకు తిండి పడకపోతే ఒంట్లో చక్కెర దిగిపోతుంది. దాన్నే లో షుగర్ అంటారు. చెమట, వణుకు, ఆ తర్వాత మనిషి పడిపోతాడు. ఒక్కోసారి లేవడు. పంచదార కాసేపు నిలబెడుతుంది, ఆ వెనక అన్నం పడాలి.

ఉల్లిపాయల బస్తా మీద కూర్చోబెట్టి పంచదార పెట్టాను. నీళ్లిచ్చాను. వణుకు కొంచెం తగ్గింది.

"ఇక్కడే ఇంత అన్నం తినేసి వెళ్లండి."

"వద్దు బాబూ. ఇంజెక్షన్ అయ్యాక చెప్పారు, మాది ఆఖరి బంతని. వచ్చే నెల వీళ్ల చుట్టాలింట్లోనే ఇంకో పెళ్లి ఉంది మాకు. నా మూలాన మావాళ్లకి మాట రాకూడదు. అయినా వాళ్లంతా ఖాళీ కడుపుల మీద ఊదుతుంటే నేనొక్కణ్ణీ తింటే ముద్ద దిగుద్దా?"

ఖాజా గరిటె ఆపి నావైపు చూశాడు.

"అన్నా, ఉప్పు ఎవరు చూశారు?"

"ఇంకా ఎవరూ చూడలేదు."

"ఎవరిచేతనైనా చూపించుకోమన్నారుగా ఆయన. పెద్దాయనకి మన పొగ తగల్లేదు, నాలుక మంచిదే ఉంటది."

ఈ ఖాజాకి నేను జీతం తక్కువ ఇస్తున్నానని నాకు ఆ క్షణంలో అనిపించింది. తర్వాత మళ్లీ ఆ సంగతి మర్చిపోయాననుకోండి.

అదృష్టం కొద్దీ అప్పుడే ఫొటోగ్రాఫర్ వధూవరుల్ని ఆల్బమ్ ఫొటోలకు పట్టుకున్నాడు. గడ్డం పైకి, గడ్డం కిందికి అని అతను పెళ్లికొడుకును ఎంతసేపు తిప్పాడంటే ఆ గడ్డం మళ్లీ పెరిగింది. మేళానికి విరామం దొరికింది. నేను హాల్లో ముందు వరసలో, ఏసీ తిన్నగా తగిలేచోట, మగపెళ్లివారి కోసం ఉంచిన బల్ల మీద ఆకులు వేయించాను. సన్నాయి, శ్రుతి, డోళ్లు, తోడు వచ్చిన వ్యాన్ డ్రైవరు, చెట్టు నీడన కూర్చున్న ఎంగిలాకులు తీసే రత్తమ్మ, అందర్నీ కూర్చోబెట్టాను.

సుబ్బయ్యగారికి అనుమానం తీరలేదు. "రుచి చూడ్డానికి ఆకెందుకు బాబూ? చెంచాతో వేస్తే చాలదా?"

"ఉప్పు చెంచాతో తెలియదండీ. అన్నంలో కలిపితే తెలుస్తుంది. మారు వడ్డించుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది."

రత్తమ్మ నవ్వింది. "నాకు అసలే తొందరగా తెలవదండీ, నాకు మూడుసార్లు వెయ్యాల."

పప్పు పడింది, నెయ్యి పడింది. గుత్తివంకాయ వంకాయతో సహా పడింది. సుబ్బయ్యగారు మొదటి ముద్ద కళ్లు మూసుకుని తిన్నాడు. రెండో ముద్ద కలుపుతుండగా హాల్లోకి ముందు మీసాలు వచ్చాయి, తర్వాత బాబాయిగారు వచ్చాడు.

"ఎవర్నడిగి వేశారు ఆకులు?"

"మీరే అన్నారు గదండీ, ఎవరిచేతనైనా రుచి చూపించుకోమని."

"రుచికి ఇంతమందా?"

"ఐటమ్స్ ఎక్కువ చెప్పారు గదండీ తమరు. ఒక నాలుక మీద మూడు దాటితే కలగాపులగం అవుతుంది."

"వేళాకోళమా? బస్సులు బయల్దేరాయి. వాళ్ల బల్ల మీద మేళం వాళ్లా? లేపండి."

అప్పుడు నేను గరిటె పక్కన పెట్టి, నడుము మీద చేయి వేసి, హాలంతా వినేట్టు ఇలా అన్నాను: "అయ్యా, ఆకు ముందు కూర్చున్న మనిషిని లేపే పని నాకు రాదు. మీ అమ్మాయి మెడలో తాళి పడేటప్పుడు మోగాల్సిన చేతులివి. వీటికి అన్నం పెట్టకుండా మోగమనడం ఏ పెద్దరికం? బస్సులు వచ్చేసరికి వేడివేడిగా ఇంకో గుండిగ దింపుతాను. వీళ్లను లేపాలంటే ముందు నన్ను పంపండి. వెళ్తూ వెళ్తూ పొయ్యిలన్నీ కట్టేసి పోతాను." హాలంతా చప్పట్లు. పైన వెళ్తున్న విమానం కాసేపు ఆగి విని వెళ్లింది.

బాబాయిగారు మీసాలు పక్కకు తిప్పుకుని గుమ్మంలోంచి వెళ్లిపోయాడు. బస్సులు వచ్చాయి. వచ్చినవాళ్లు అదే బల్ల మీద తృప్తిగా తిన్నారు. తమకన్నా ముందు అక్కడెవరు కూర్చున్నారని ఒక్కరూ అడగలేదు. ముహూర్తానికి సుబ్బయ్యగారు వాయించిన గట్టిమేళానికి కొండపల్లిలో అరల మీద బొమ్మలు తలలూపాయని విన్నాను. మేళం వాళ్లకు వచ్చే నెల పెళ్లి పోలేదు. ఆ పెళ్లి వంట నాదే కావాల్సింది, నాకే పోయింది. వంట బాగుందిగానీ మనిషికి పొగరని బాబాయిగారు బంధువులందరికీ చెప్పాడు. రెండో మాట అబద్ధమని నేను అనను.

ఆనాటి నుంచి పెళ్లి ఒప్పుకునేటప్పుడే చెప్పేస్తున్నాను. పనిచేసేవాళ్లది మొదటి బంతి.

"ఇదేం పద్ధతండీ?" అంటారు కొందరు.

"మా పద్ధతండీ. నచ్చకపోతే బెజవాడలో క్యాటరింగ్ వాళ్లకు కొదవా?" అంటాను. వెళ్లేవాళ్లు వెళ్తారు. వెళ్లనివ్వండి.

సంతోషంగా బతకడం ఎలాగో చెబుతూ మా బంధువులు రోజూ పొద్దున్నే ఫోన్లో అరిటాకంత సందేశాలు పంపుతుంటారు, పువ్వుల బొమ్మలతో సహా. నాకు అంత తెలియదు. మీ ఇంట్లో, మీ వీధిలో, మీ వేడుకలో పనిచేస్తున్న మనిషిని తిన్నారా అని అడగండి. లేదంటే పెట్టండి. పెట్టవచ్చా అని ఎవర్నీ అడగకండి. అడిగితే కుదరదంటారు.

ఇక ఇందులో కల్పించినదేమిటో చెప్పాలి. మీసాలూ విమానాలూ మీకెలాగూ తెలుసు. ఆ ఉపన్యాసం కూడా నేను ఇవ్వలేదు. అది సాయంత్రం ఇంటికి వస్తూ బండి మీద తయారుచేసుకున్నాను. ఆ పూట బాబాయిగారు లేపండి అనగానే నా నోరు ఎండిపోయింది. చేతిలో ఉన్నది అన్నం బేసిన్ ఒక్కటే. సుబ్బయ్యగారు ఆయన ముఖం చూసి, ఆకు మడవబోతూ లేవబోయాడు. నేను బాబాయిగారికి వీపు తిప్పి, ఆ ఆకులో ఇంకో గరిటెడు అన్నం వేశాను. పెద్దాయన మళ్లీ లేవబోయాడు, నేను మళ్లీ వేశాను. "పెరుగు పడకుండా లేవకూడదండీ" అన్నాను. అదైనా గట్టిగా అనలేదు. నా వెనక బాబాయిగారు ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. తిరిగి చూస్తే లేడు.

మాట రాకపోయినా వడ్డించవచ్చని అప్పుడు తెలిసింది. ఇప్పటికీ ఎవరైనా లేపమంటే నా పద్ధతి అదే. వీపు తిప్పుతాను, ఇంకో గరిటె వేస్తాను.