రెండు వీడియోలు

ఫిల్మ్ నగర్ బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె ఆన్‌లైన్‌లో పట్టుచీరలు అమ్ముతుంది. చీర అందుకున్న ఒకాయన, డబ్బాలో పాత పేపర్లే వచ్చాయని బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి లాక్కున్నాడట.

"ఇంకొక్కటి ఇట్లయితే ఆన్‌లైనోళ్ళు నా దుకాణమే బంద్ చేస్తరంట సార్. జర చూడుండ్రి," అని ఫోను ఇచ్చింది.

ఆమె తీసిన వీడియోలో మసక వెలుతురులో చేతులు చీర పెట్టి టేపు వేస్తున్నాయి. అతను బ్యాంకుకు ఇచ్చిన వీడియోలో అదే డబ్బా, అదే టేపు, మంచి వెలుతురులో తెరుచుకుంది. లోపల పేపర్లు. ఎక్కడా అతుకు కనిపించలేదు.

"ఆయన ఎడిటింగ్ స్టూడియోల పనిచేస్తడు. మీకు ఎవరిది నిజమనిపిస్తుంది?"

బాబాల మహిమలకు ఊరూరా రుజువులడిగినవాణ్ణి. మళ్ళీ చూశాను. అతనిదే నిజమనిపించింది. ఫోను ఆమె వైపు చాపాను.

"బ్యాంకు సారు గూడ గిట్లనే సప్పుడు జేయలే," అంటూ ఆమె ఫోను తీసుకుంది.