పిన్ని వాళ్ళ సంత ఊరు

పిన్ని పోయిందని బాబాయ్ ఫోన్ చేసేసరికి నేను ఆఫీస్ పార్కింగ్‌లో కార్ అద్దం మీద మంచు గీకుతున్నాను. "మీ పిన్ని వెళ్ళిపోయింది నాన్నా" అన్నాడు. 

పిన్ని తెలుగావిడ కాదు. వేల్స్‌లో ఓ చిన్న సంత ఊరి పిల్ల. బాబాయ్ అక్కడి ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్నప్పుడు పెళ్ళి చేసుకున్నారు. తర్వాత మిషిగన్ వచ్చి నోవైలో స్థిరపడ్డారు. పిల్లల్లేరు. అత్తగారి దగ్గర కొన్నాళ్ళుండి నేర్చుకున్న తెనాలి తెలుగు ఆవిడది. ఉద్యోగానికని నేనిక్కడికి వస్తే, ఈ దేశంలో నన్ను "తిన్నావా అమ్మాయ్" అని అడిగిన మొదటి మనిషి పిన్నే.

చపాతీలు చేసే ముందు గట్టు మీద పిండి చల్లి, వేలితో వాళ్ళ ఊరు గీసేది. "ఇది సంత భవనం. రాతి స్తంభాల మీద నిలబడి ఉంటది. కింద వెన్నా గుడ్లూ అమ్ముతారు, పైన కోర్టు. కోడిని కొట్టేసినోడు ఎక్కువ దూరం నడవక్కర్లేదు." పక్కనే గుర్రపు బళ్ళు దూరేంత కమానున్న పాత సత్రం, నల్ల దూలాలు బయటికి కనిపించే తెల్ల ఇళ్ళు, వంతెన దగ్గర ఒకప్పుడు సుంకం వసూలు చేసిన బుల్లి ఇల్లు. చివరికి పెద్దవీధిలోంచి ఓ సన్నటి గీత లాగి "ఈ సందులో నేను పుట్టా" అని, దాని మీదే చపాతీ వత్తేది.

"ఊరంటే నడిస్తే అయిపోవాలి. మీ నోవై డ్రైవ్ చేసినా అవదు. ఇళ్ళకి వాకిళ్ళు కూడా లేవు, అన్నీ గరాజ్‌లే" అనేది. దగ్గర్లో పాత ఊరిలా కనిపించాలని గడియార స్తంభం పెట్టి ఓ షాపింగ్ సెంటర్ కట్టారు. పైన కిటికీలున్నాయి, వాటి వెనక గదుల్లేవు. "మేడ కట్టారు, మెట్లు మర్చిపోయారు పాపం" అని అటు వెళ్ళినప్పుడల్లా నవ్వేది.

ముందు ఆ నవ్వు పోయింది. మతిమరుపు జబ్బు ఒక్కొక్కటే పట్టుకుపోయింది, తెలుగునీ, నా పేరునీ. ఊరొక్కటే మిగిలింది. సోఫాలో కూర్చునే ఆ వీధులన్నీ తిరిగేది. జబ్బు ఇంకేదైనా ఉంచి ఆ ఊరిని తీసుకుపోయినా బావుండేదని ఇప్పుడనిపిస్తుంది.

జనవరిలో ఓ శనివారం మధ్యాహ్నం పిన్ని కోటు వేసుకుని, బుట్ట పట్టుకుని తలుపు తీసింది. బాబాయ్ పేపర్ చదువుతున్నాడు. బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడగకూడదు, అడిగితే వెళ్ళిన పని కాదని మనవాళ్ళ పట్టింపు. అమెరికాలో ఇన్నేళ్ళు గడిపినా బాబాయ్ నోటికి ఆ మాట రాదు. మెయిల్‌బాక్స్ దాకా అనుకున్నాడు, అంతే.

పోలీసులు వెతికి పట్టుకునేసరికి చీకటి పడుతోంది. గడియార స్తంభం కింద బెంచీ మీద, ఒళ్ళో బుట్టతో, కోటు నిండా మంచుతో కూర్చుని ఉంది. అది తన ఊరే అనుకుంది. "సంత ఇంకా తెరవలేదు" అని ఆ ఆఫీసర్‌కే నచ్చజెప్పిందట. ఆ చలి న్యుమోనియా అయ్యి ఇక వదల్లేదు.

"అడిగితే ఏమయ్యేది నాన్నా? సంతకి అనేది. నేనూ వస్తా పద అనేవాణ్ణి" అన్నాడు బాబాయ్, దహనం అయ్యాక కార్‌లో. "నీ తప్పేం లేదు బాబాయ్" అన్నాను. ఆ మాట ఆయనకి ఎందుకూ పనికిరాలేదు. రోజులు గడిస్తే తగ్గుతుందని అందరూ అంటున్నారు. నాకైతే తగ్గే దారి కనపడటం లేదు.

మొన్న ఆదివారం వాళ్ళ ఊరు చూపించమన్నాడు. కంప్యూటర్‌లో వీధుల ఫోటోలతో ఉండే మ్యాప్ తెరిచి, మౌస్ ఆయన చేతికిచ్చాను. అన్నీ ఉన్నాయి, పిన్ని చెప్పిన చోటే ఉన్నాయి. పెద్దవీధి వెంట మెల్లగా వచ్చి, పిన్ని పుట్టిన సందు మొగలో ఆగాడు. ఫోటోలు తీసిన కారు అందులో పట్టలేదు కాబోలు, ముందుకు తీసుకెళ్ళే బాణం గుర్తు అక్కడ లేదు.

"లోపలికి వెళ్ళట్లేదేం?" అన్నాడు.

చెప్పాను. వినలేదు. నొక్కుతూనే ఉన్నాడు. నొక్కినకొద్దీ సందు మొగలోని గోడ దగ్గరికొచ్చి, పెద్దదై, చెదిరిపోయి, చివరికి తెర నిండా బూడిదరంగు గళ్ళు మిగిలాయి.