బానెట్ మీద పెట్టని చెయ్యి

ఈ రోజు పొద్దున అయిదు గంటల పది నిమిషాలకు ప్రొద్దుటూరులో మా ఎదురింటి పాత పికప్ బండి స్టార్టయింది. మొదట కాసేపు రేకు డబ్బాలో గొలుసు వేసి ఊపినట్టు చప్పుడు, ఆ తర్వాత మామూలు మోత. ఎదురింటాయన పాలక్యాన్లు ఎక్కించుకొని వెళ్లిపోయాడు. నేను మాత్రం చేతిలో కాఫీ చల్లారేదాకా వాకిట్లోనే ఉండిపోయాను. అన్న పోయి ఏడాది కావస్తున్నా, ఆ చప్పుడు వింటే నాకు దుఃఖం కంటే ముందు కోపమే వస్తుంది.

మీలో పాత బండ్లు కొన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మా వైపు బండి బేరానికి పోయేవాళ్లు పొద్దు పొడవకముందే, అమ్మేవాడు దాన్ని కదిలించకముందే వెళ్లి, మొదట బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూసేవాళ్లు; చల్లగా ఉంటేనే స్టార్టు చేయమనేవాళ్లు. ఇంజనులో టైమింగ్ చైను సాగిపోయి ఉంటే, రాత్రంతా నిలిచిన బండికి ఆయిల్ పైకెక్కేలోగా అది గలగలమంటుంది, వేడెక్కాక ఆ జాడే ఉండదు. అందుకే బానెట్ వేడిగా ఉన్న బండిని తెలిసినవాళ్లెవరూ కొనేవాళ్లు కాదు.

మా అన్న కొన్నాడు, ఎందుకంటే అమ్మింది మా బావ. మేం ముగ్గురం. పెద్దది అక్క, ఆమెను పులివెందులకిచ్చారు. నడిమివాడు అన్న, చివరిదాన్ని నేను. అమ్మానాన్నలు పోయాక అక్కకు పుట్టిల్లంటే అన్న ఇల్లొక్కటే. బావ తన పాత పికప్‌ను పులివెందుల నుంచి స్వయంగా నడుపుకొచ్చి, అన్న గడప ముందు ఆపి, దిగీ దిగగానే ఎకసెక్కమాడాడు.

"ఏం బామ్మర్దీ, చెయ్యి పెట్టి చూడవా? మీ అక్క మొగుడినని నమ్మితివా?"

"ఇంటల్లుని కాడ బానెట్ తడిమేదేంది బావా, నలుగురూ నగుతారు" అన్నాడు అన్న. ఆ మర్యాదే అతని తప్పు.

మరుసటి పొద్దున చప్పుడు వినిపించింది. జమ్మలమడుగులో బావ కూడా పోయే షెడ్డుకే తీసుకుపోతే, మిస్త్రీ ఒకసారి విని, "చైను సాగిపోయుండాదప్పా. ఇప్పుడే మార్చుకో, యాడన్నా పళ్లు తప్పిందంటే ఇంజనే పోతాది" అన్నాడు. ఒక పూట పని అది. అన్న చేయించలేదు. నేను గట్టిగా అడిగితే, "ఆ చప్పుడు ఆయప్పకు తెలీదా పాపా? తెలిసే ఇచ్చినాడు. ఆయప్పే నోరు తెరిచి చెప్పాల" అన్నాడు.

అప్పటినుంచి అరటిగెలల కోసం పులివెందుల పోయినప్పుడల్లా రాత్రి అక్క ఇంట్లోనే పడుకొని, తెల్లవారగానే వాళ్ల అరుగు ముందే బండిని స్టార్టు చేసి, ఆపి, మళ్లీ స్టార్టు చేసేవాడు. బావ వేపపుల్ల నములుతూ నిలబడి వినేవాడు. ఒకసారి మాత్రం, "నీ బండికి దగ్గు పట్టింది బామ్మర్దీ, రోంత శొంఠి కషాయం పొయ్యి" అన్నాడట. అన్న నవ్వలేదు. అడిగితే ఇంటల్లుడిని దొంగ అన్నట్టవుతుందని అన్న, చెబితే దొంగనని ఒప్పుకున్నట్టవుతుందని బావ, ఇద్దరూ బిగుసుకున్నారు. మధ్యలో అక్క ఇద్దరికీ కాఫీ గ్లాసులు అందిస్తూ తిరిగేది.

ఎండాకాలంలో, నిండు లోడుతో ముద్దనూరు దాటుతుండగా చైను పళ్లు తప్పింది. వాల్వులు వంగిపోయి ఇంజను ముక్కచెక్కలయింది. గెలలు రోడ్డు పక్కనే నల్లబడ్డాయి. అన్న అటునుంచి అటే పులివెందుల పోయి, వీధిలో అందరూ వింటుండగా అక్కతో, "నీ మొగుడు నాకు చచ్చిన గొడ్డును అంటగట్టినాడు" అన్నాడు. లోపలినుంచి బావ, "మిస్త్రీ చెప్పినా మార్చుకోని మొగోడు నన్ననేదేంది!" అని అరిచాడు. ఇద్దరూ అన్నది నిజమే కనుక ఎవరూ తగ్గలేదు. బండి తుక్కు కిందికి పోయింది. బావకు నిజంగా ముందే తెలుసా అని ఒకసారి అక్కను అడిగాను. "ఇంగ అది తెలుసుకొని ఏం జేస్తావు పాపా" అంది.

ఇప్పుడు బండ్లను ఫోనులో బొమ్మ చూసి కొంటున్నారు, చుట్టాలతో బేరమే పెట్టుకోవడం లేదు. అదే మంచిదని మావాళ్లంటారు.

అన్న పోయిన రోజు అక్క ఒక్కతే వచ్చింది. శవం లేచేదాకా వాకిట్లోనే నిలబడింది. నేను చెయ్యి పట్టి లాగినా, వదిన పిలవనిదే గడప దాటనంది. వదిన పిలవలేదు. అక్క బస్సెక్కి వెళ్లిపోయింది.

పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒడిలో పోసే ఒడిబియ్యం ఆ ఇంటినుంచి అక్కకు ఇప్పుడు పెట్టరు.