ఆఖరి మేకు

2023 మే నెల. రామచంద్రపురం నుంచి గోదారి గట్టు దాకా బస్సులో వెళ్ళి, అక్కడ పడవెక్కి, ఒక లంకలో పొలం కొలవడానికి వెళ్ళాను. లంక అంటే ఏటి మధ్య ఒండ్రు మేట వేసి ఏర్పడిన నేల. అరటి, కొబ్బరి బాగా వస్తాయి. ఏరు ఇచ్చిన నేల కాబట్టి, దాన్ని మళ్ళీ కొంచెం కొంచెం కోసుకుపోయే అలవాటు కూడా ఏటికి ఉంది.

నేను ప్రభుత్వ సర్వేయరుని కాను. పదో తరగతితో చదువు ఆగిపోయాక ఒక సర్వేయరు గారి దగ్గర తొమ్మిదేళ్ళు చైన్ మ్యాన్‌గా పనిచేశాను. అంటే కొలత గొలుసు రెండో కొస పట్టుకునే మనిషిని. ఆయన లెక్కలు వేస్తుంటే పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఆయన పోయాక అన్నదమ్ముల పంపకాలకీ, కౌలు ఒప్పందాలకీ, అమ్మకానికి ముందు ఎంతుందో తేల్చుకోవడానికీ జనం నన్ను పిలవడం మొదలుపెట్టారు. నా కాగితానికి ఆఫీసులో విలువ లేదు. ఊళ్ళలో నా మాటకి కొంత ఉంది.

పెళ్ళి సంబంధం కోసం పొలం కొలవమని మాత్రం అదే మొదటిసారి అడగడం.

పిలిచినాయన వీర్రాజు గారు. రామచంద్రపురంలో ఎరువుల షాపు. ఒక్కతే కూతురు, హారిక. డిగ్రీ అయినప్పటి నుంచి షాపు కౌంటర్ తనే చూసుకునేది. లంక నుంచి ఎరువుల కోసం వచ్చే ప్రసాద్ అనే కుర్రాడు, ఆమె ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఆ సంగతి తనకెలా తెలిసిందో వీర్రాజు గారు ఇలా చెప్పారు.

"ఒకేసారి పది బస్తాలు తీసుకెళ్ళేవాడండి. తర్వాత వారానికో బస్తా మొదలెట్టాడు. పడవ కిరాయి దండగ కదా అబ్బాయ్ అంటే, ఎక్కువ తీసుకెళ్తే తడుస్తాయండి అన్నాడు. మండే ఎండల్లో ఎలా తడుస్తాయండి?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"పెద్దాపురం నుంచి ఇంకో సంబంధం వచ్చిందండి. రైసు మిల్లులో మూడో వంతు వాటా. నెలాఖరులోగా వాళ్ళకి మాట చెప్పాలి. మా అమ్మాయేమో ఇతనే అంటోంది. నేనూ మరీ మొండివాణ్ణి కాదు. ఇతని దస్తావేజులో మూడెకరాల ఇరవై సెంట్లుంది. లంక భూమి కదా, ఆ ఇరవై వదిలేస్తాను. మూడెకరాలు నేల మీద కనపడితే తాంబూలాలు పుచ్చుకుంటాను. సెంటు తగ్గినా పెద్దాపురమే. అమ్మాయితోనూ ఇదే చెప్పాను."

"మూడే ఎందుకండి?"

"నేను మూడెకరాలతో మొదలెట్టానండి. అంతకంటే తక్కువతో ఎలా బతకాలో నాకు తెలీదు."

అనుకున్న రోజు పొద్దున్న ఏడింటికి గట్టు దగ్గర బస్సు దిగాను. టేపు రెండో కొస పట్టుకునే నా మనిషికి జ్వరం, రాలేదు. వీర్రాజు గారు, హారిక కారులో వస్తున్నారు. వాళ్ళకంటే ముందే ప్రసాద్ నా కోసం రేవులో నిలబడి ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. నా సంచీ అందుకున్నాడు గానీ కదల్లేదు.

"మాస్టారూ, ఒక్క మాటండి."

"చెప్పు బాబూ."

"కిందటేడు వరదకి మా చేను బాగా కోతపడిపోయిందండి. అంతకు ముందే కొంత పోయింది. గట్టంచు దాకా కొలిస్తే రెండెకరాలు కూడా రాదండి."

అతను జేబులోంచి దస్తావేజు జిరాక్స్ తీసి మడత విప్పాడు. హద్దులు రాసిన చోట వేలు పెట్టాడు.

"అబద్ధం రాయమనట్లేదండి. ఇక్కడ చూడండి. తూర్పు హద్దు గోదావరి నది అనే ఉంది. ఇప్పుడు నీళ్ళు లోపలికి వెళ్ళిపోయాయి కదండి, కింద ఇసుక తేలింది. నీళ్ళ దాకా కొలవండి చాలు."

"ఆ అమ్మాయికి తెలుసా?"

అతను కాగితం మడిచేశాడు. "తెలిస్తే వాళ్ళ నాన్నకి చెప్పాల్సి వస్తుంది కదండి. నేనే చెప్పలేదు."

ఇక్కడ మా పని గురించి ఒక మాట చెప్పాలి. కొలతలో అంకె తప్పడం తక్కువ. టేపు అబద్ధం చెప్పదు. ఎక్కడ మొదలుపెట్టాం, ఎక్కడ ఆపాం అన్నదాంట్లోనే అసలు సంగతంతా ఉంటుంది. ఏటి పక్క చేలకి మా సర్వేయరు గారు నాకొక పద్ధతి చెప్పారు. చివరి చెట్టు వేరు ఎక్కడ నేలలో ఉందో అక్కడ ఆపెయ్యమనేవారు. ఎండల్లో తేలి వానల్లో మునిగే ఇసుకని ఆయనెప్పుడూ చేలో కలపలేదు. ఆయన దగ్గర ఉన్నప్పుడూ, ఆ తర్వాతా, ఆ రోజు దాకా నేనూ కలపలేదు.

ప్రసాద్‌కి నేను సరే అనలేదు. కాదనీ అనలేదు. పడవలో నలుగురం ఎక్కాం. దారంతా దస్తావేజు కాగితమే నా కళ్ళ ముందు ఆడింది. తూర్పు హద్దు గోదావరి నది. కాదనడానికి లేదు.

చేను రోడ్డు వైపు నుంచి ఏటి వైపుకి పొడుగ్గా ఉంది. మధ్యలో మోటారు షెడ్డు. వీర్రాజు గారికి మోకాళ్ళ నొప్పి. షెడ్డు నీడలో కుర్చీ వేయించుకుని, ప్రసాద్ కొట్టిచ్చిన కొబ్బరి బొండాం పట్టుకుని కూర్చున్నారు. అక్కడ కూర్చుంటే గట్టంచు దాకా కనపడుతుంది. గట్టు పదడుగుల ఎత్తున నిలువునా కోతపడి ఉంది కాబట్టి, దాని కింద ఏముందో కనపడదు.

"టేపు నేను పట్టుకుంటానండి," అంది హారిక. "సున్నా మేకు దగ్గర కదలకుండా పెట్టుకోవాలి, అంతే కదండి?"

"అంతేనమ్మా. బిగువు మాత్రం సడలకూడదు."

ముందు వెడల్పు కొలిచాం. రెండు కొసల్లోనూ రెండు వందల అరవై నాలుగడుగులు. వంద అడుగుల టేపు తీసుకుని రోడ్డు పక్క రాయి దగ్గర పొడుగు మొదలుపెట్టాం. ముందు నేను, వెనక మేకు దగ్గర హారిక, వెదురు మేకుల కట్ట పట్టుకుని నా పక్కన ప్రసాద్. ఒక టేపు. రెండు. మూడు. నాలుగో టేపు లాగుతుంటే గట్టంచు వచ్చేసింది. అక్కడొక కొబ్బరి చెట్టు. సగం వేళ్ళు నేలలో, సగం గాలిలో వేలాడుతున్నాయి. టేపు మీద పదిహేడు.

మూడు వందల పదిహేడు. గుణించి చూసుకోవడానికి నాకు కాగితం అక్కర్లేదు. ఎకరం తొంభై రెండు సెంట్లు.

ప్రసాద్ నా మొహంలోకి చూశాడు. మేకు చేతిలో పెట్టుకుని నిలబడ్డాడు, ఇవ్వలేదు. వెనక షెడ్డు వైపు చూశాను. వీర్రాజు గారు బొండాం తాగుతున్నారు. కిందికి చూశాను. ఇసుక, దాని అవతల నీళ్ళు. నా అంగ ఒక్కోటి రెండున్నర అడుగులు. నీళ్ళ దాకా డెబ్బై నాలుగో డెబ్బై అయిదో అంగలు పడతాయని కంటితోనే తెలిసిపోయింది. అంటే మూడెకరాలు దాటుతుంది. నాలుగైదు సెంట్లే, కానీ దాటుతుంది.

ఒక ముసలాయన తన అనుభవం కొద్దీ పెట్టుకున్న అంకె కోసం ఇద్దరు పిల్లల్ని విడదీయాలా అనుకున్నాను. దస్తావేజు నా వైపే ఉంది అని కూడా అనుకున్నాను. గట్టుకి చెక్కిన మెట్ల మీదుగా ఇసుకలోకి దిగాను.

ఆఖరి మేకు నీళ్ళంచున నేనే దిగ్గొట్టాను. తడి ఇసుక, ఒక్క దెబ్బకే సగం దిగింది. అయిదు టేపులు, రెండడుగులు.

"అయిదు వందల రెండు," అని కేకేశాను. మూడెకరాల నాలుగు సెంట్లు. పుస్తకంలో రాసుకున్నాను. రాస్తుంటే నా అంకెలు నాకే వంకరగా కనపడ్డాయి.

హారిక సున్నా మేకు దగ్గర నుంచి లేచి నీళ్ళంచుకి వచ్చింది. ఇసుక అప్పటికే కాలుతోంది. చెప్పులు తడి ఇసుకలో దిగబడుతుంటే తీసి చేత్తో పట్టుకుంది. మేకు దగ్గర నిలబడి దాన్నే చూసింది. మేకు చుట్టూ నీళ్ళు ఊరి, అది మెల్లగా పక్కకి వాలుతోంది.

"ఇక్కడ ఏం వేద్దామండీ ప్రసాద్ గారూ?" అంది.

గొంతులో వెటకారం లేదు. కౌంటర్ దగ్గర రైతుని అడిగినట్టే అడిగింది.

"దోస వేద్దాం," అన్నాడు ప్రసాద్. "పుచ్చ కూడా వస్తుంది."

"ఆషాఢంలోనో?"

నేను పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాను, మళ్ళీ తీశాను. ఆమె అతని మొహం మీంచి చూపు తిప్పలేదు. తొందరపెట్టలేదు కూడా. పైనుంచి వీర్రాజు గారి కేక వినపడింది. "ఏమండీ మాస్టారూ, అయ్యిందా?"

నేను నోరు తెరిచేలోపు ప్రసాద్ వంగి మేకు పీకాడు. దాన్ని చేత్తో పట్టుకుని ఇసుక మీద వెనక్కి నడిచాడు. నూట ఎనభై అయిదడుగులు. అంత దూరమూ మేమిద్దరం నిలబడి చూశాం. మెట్లెక్కి కొబ్బరి చెట్టు మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని, అక్కడ దొరికిన రాయితో మేకు దిగ్గొట్టాడు. గట్టి నేల, ఆరేడు దెబ్బలు పడ్డాయి.

"ఇక్కడండి మాస్టారూ. మళ్ళీ చదవండి."

మేమూ మెట్లెక్కి వెళ్ళాక చదివాను. మూడు వందల పదిహేడు. పుస్తకంలో పై అంకె కొట్టేసి కింద రాశాను.

షెడ్డు దగ్గరికి వెళ్ళాం. వీర్రాజు గారు బొండాం పక్కన పెట్టారు.

"ఎంతండి?"

"ఎకరం తొంభై రెండు సెంట్లండి."

ఆయన గట్టంచు వైపు చూశారు. "మరి ఏటిలోకి దిగి అంతసేపు ఏం చేశారండి?"

"నేనే నీళ్ళ దాకా కొలవమన్నానండి," అన్నాడు ప్రసాద్. "ఆయన తప్పేం లేదండి."

నేను ఊరుకుంటే అక్కడితో పోయేది. ఊరుకోవాలనిపించింది కూడా. "మేకు దిగ్గొట్టింది నేనండి," అన్నాను. "మూడెకరాల నాలుగు అని రాశాను. అబ్బాయే పీకేశాడు."

వీర్రాజు గారు నా వైపు చూసిన చూపు నేనిక్కడ రాయలేను. తర్వాత కూతురి వైపు తిరిగారు.

"విన్నావుగా. పద."

"నాకు ముందే తెలుసు నాన్నా."

ప్రసాద్ తలెత్తాడు.

"మూడెకరాల అరటికి ఎంత పొటాష్ పడుతుందో నాకు తెలీదా? కిందటేడు వరద దగ్గర్నుంచి ఈయన కొన్నది రెండెకరాలకే సరిపోతుంది. వారానికో బస్తా అయినా కలుపుకోవచ్చు కదా."

"తెలిసి నాకెందుకు చెప్పలేదే?"

"మీరు నన్ను అడగలేదు కదా. కొలతలాయన్ని పిలిచారు." ఆమె ప్రసాద్ వైపు చూడకుండానే అంది, "ఎంతుందో తెలుసు. తనే చెప్తాడో లేదో తెలీలేదు. చెప్పకపోతే పెద్దాపురానికే సరేనందామనుకున్నాను."

ఆ మాటకి ప్రసాద్ పక్కనున్న మోటారు పైపు పట్టుకున్నాడు.

"ఇప్పుడు ఏమంటావ్?" అన్నారు వీర్రాజు గారు.

"వాళ్ళకి వద్దని చెప్పెయ్యండి."

"లెక్క తెలిసిన పిల్లవి. మిల్లులో వాటా ఒక పక్క, ఏడాదికింత కరిగిపోయే చేను ఒక పక్క. షాపు కూడా వస్తుందనుకుంటున్నావేమో. అది మా తమ్ముడి కొడుక్కి రాసేస్తాను. ఆశ పెట్టుకోకు."

ఆ షాపులో ప్రతి అరా హారిక సర్దుకున్నదే. "షాపు లేకుండానే వేసుకున్నాను నాన్నా. రెండెకరాలు కూడా లేదనే లెక్క వేసుకున్నాను."

వీర్రాజు గారు జేబులోంచి నా ఫీజు తీసి సగం లెక్కపెట్టి ఇచ్చారు. "రెండు సార్లు కొలిచారు. సరైనదానికే ఇస్తున్నాను." పడవలో నాకు ఎదురుగా కూర్చున్నారు. దిగేముందు ఇలా అన్నారు. "మీ కాగితం నమ్మి పిల్లని ఇచ్చేసేవాణ్ణి మాస్టారూ. ఆ కుర్రాడు మేకు పీకబట్టి సరిపోయింది." ఆ తర్వాత ఆయన నన్ను ఏ పనికీ పిలవలేదు. నా సంగతి తెలిసినవాళ్ళకి చెప్పలేదు కూడా. చెప్పి ఉంటే నా పని అక్కడితో అయిపోయేది.

పెళ్ళి ఆ మాఘంలో జరిగింది. వీర్రాజు గారు వచ్చి అక్షింతలు వేసి, భోజనం చేసి వెళ్ళారని విన్నాను. షాపు అన్న మాట ప్రకారం తమ్ముడి కొడుక్కే రాశారు. ప్రసాద్ ఇప్పటికీ పొటాష్ అక్కడే కొంటాడు. అల్లుడని రూపాయి కూడా తగ్గించరట.

మరుసటేడు వరదలు తగ్గాక హారిక ఫోన్ చేసింది. "మాస్టారూ, ఒకసారి వచ్చి కొలిచి వెళ్ళండి. ఈసారి ఫీజు పూర్తిగా ఇస్తాం." వెళ్ళాను. సగం వేళ్ళతో నిలబడిన ఆ కొబ్బరి చెట్టు లేదు. గట్టు ఏడడుగులు వెనక్కి వచ్చింది. మూడు వందల పది. నాలుగు సెంట్లు పోయాయి. ఆమె సున్నా దగ్గర నిలబడి ఆ అంకె తన ఫోన్లో రాసుకుంది, ఎరువు లెక్క కోసం.

ఆ రోజు నేనడక్కుండానే ప్రసాద్ మేకు పట్టుకుని ముందు గట్టంచుకి నడిచాడు. ముప్పై ఏళ్ళ పనిలో నాకు రాని పద్ధతి అది. ఇప్పుడు ఏ పొలానికి వెళ్ళినా టేపు విప్పకముందే ఆఖరి మేకు దిగ్గొడతాను. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని కూడా చెయ్యి పట్టుకుని అక్కడిదాకా నడిపిస్తాను. ఇదేనా మీ హద్దు అని అందరినీ అడిగి, అందరూ అవునన్నాకే వెనక్కి వచ్చి సున్నా దగ్గర మొదలుపెడతాను.