కోరుట్ల బస్సు పాట నాది కాదు

ముప్పై ఒక్క ఏండ్ల నాలుగు నెలలుగా నా పేరు మీద ఉన్న ఒక పాట నాది కాదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. రాశాను. మిగిలింది మీరు వినండి. ముందే చెబుతున్నాను, ఏడ్చి మీ జాలి అడిగే మనిషిని కాను. క్షమించమని రాయడం లేదు. మీరు క్షమిస్తే మాత్రం ఏమవుతుంది? పాట మీది కాదు కదా.

నేను పాటలు రాసి బతికినదాన్ని. మొదట క్యాసెట్లకు, తర్వాత సీడీలకు, ఇప్పుడు యూట్యూబ్ వాళ్లకు. పెండ్లి పాట, బతుకమ్మ పాట, అత్తాకోడళ్ల తగవు, ఏది కావాలంటే అది. పాతకాలం పాటలా ఉండాలి, కానీ ఎవరూ విననిది కావాలి అంటారు. అలాగే రాసిస్తాను. మా ఇల్లు సిరిసిల్లలో. మా ఇంటాయన మరమగ్గాలు నడిపేవారు. ఆ చప్పుడు మీదనే నా పదం కుదిరేది. ప్రతి పాటనూ నోట్‌బుక్‌లో రాసి, మొదలుపెట్టిన రోజు, ముగించిన రోజు పైన వేస్తాను. మొత్తం రెండు వందల పద్నాలుగు. తేదీ లేనిది ఒక్కటీ లేదు. ఒక్కో పేజీలో పది పన్నెండు కొట్టివేతలుంటాయి. నాకు పాట ఊరికే రాదు.

మల్లవ్వకు ఊరికే వచ్చేది.

పాటలతో బతుకు మొదలవక ముందు నేను కోనరావుపేట దగ్గరి ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ను. మల్లవ్వ ఆ ఊళ్లో కూలి చేసేది. నాట్లలో పాట ఎత్తుకునేది ఆమే, మిగతా ఆడవాళ్లు అందుకునేవారు. మాఘమాసంలో తన ఒక్కగానొక్క బిడ్డను కోరుట్లకు ఇచ్చి పెండ్లి చేసింది. ఆషాఢంలో, మడిలో వంగి నాటు వేస్తూ, రోడ్డు మీద పోయే బస్సును చూసి ఎత్తుకుంది:

కోరుట్ల బస్సా, జరసేపు ఆగు
నా బిడ్డ నవ్విందా, గంత చెప్పి పో

పదకొండు చరణాలు. ఎక్కడా తడబడలేదు. నేను గట్టు మీద కూర్చుని రాసుకున్నాను. పైన తేదీ వేసి, "మల్లవ్వ కట్టి పాడింది" అని కూడా రాశాను. ఆ పేజీలో ఒక్క కొట్టివేత లేదు. అప్పటికి నేను దొంగను కాను.

నా మొదటి క్యాసెట్‌కు జగిత్యాల కంపెనీ వాళ్లకు ఎనిమిది పాటలు కావాలి. నావి ఏడే నచ్చాయి. ఎనిమిదోది ఇది ఇచ్చాను. అట్ట మీద 'సేకరణ' అని వేయమన్నాను. అంటే ఎవరి దగ్గరో విని రాసుకున్నదని. అట్లయితే రేపు ఎవరైనా పాడుకుంటారు, మాకెందుకు అన్నారు. ఏడు పాటలతో క్యాసెట్ రాదన్నారు. అయితే 'రచన' అనే వేయండి అన్నాను. ఆ మాట అనడానికి ఎంత సేపు పట్టింది? అన్నీ లెక్క పెట్టే నేను అది లెక్క పెట్టలేదు.

ఆ పాటే ఆడింది. ఆటోల్లో, హోటళ్లలో, పెండ్లి బరాత్‌లలో అదే. బస్సు పాట రాసిన అమ్మ అని నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నేను రాసుకోకపోతే ఆ పాట ఆ మడిలోనే పోయేది. మల్లవ్వ మరుసటేడు ఇంకో పాట ఎత్తుకునేది, పాతదాని మీద ఆమెకు ధ్యాసే లేదు. ఇది నిజం. నిజమే అయితే, ఇన్నేండ్లూ నాకు నేనే ఎందుకు చెప్పుకోవాల్సి వచ్చింది?

మల్లవ్వ పోయిన రెండేండ్లకు ఆమె మనుమరాలు లావణ్య, కోరుట్లలో ఉన్న ఆ బిడ్డకు పుట్టిన పిల్ల, తన ఛానల్‌లో ఈ పాట పాడి పెట్టింది. బీడీలు చుట్టి బతికే పిల్ల. ఈ పాటతోనే ఆమెను ప్రోగ్రాంలకు పిలవడం మొదలైంది. పాట మాది, తీసేయకపోతే నీ ఛానలే మూయిస్తాం అంది కంపెనీ. ఇది మా అమ్మమ్మ పాట అంది లావణ్య. జగిత్యాలలో పంచాయితీ పెట్టారు. నన్ను నోట్‌బుక్ పట్టుకుని రమ్మన్నారు.

నా తేదీ తప్పదని అందరికీ నమ్మకం. ఆ నమ్మకాన్నే వాడుకున్నాను. అసలు పేజీ చూపించలేను, దాని మీద మల్లవ్వ పేరుంది. అంతకు ముందటి ఏటి నోట్‌బుక్‌లో ఒక పేజీ ఖాళీగా ఉంది. పాత సిరా కలంతో అందులో పాట మళ్లీ రాశాను, కొట్టివేతలతో సహా. ఆమె నోట తప్పు రాని చోట నేను తప్పులు పుట్టించి, వాటిని కొట్టేసి, ఆమె మాటను పక్కన రాశాను. నేను కష్టపడినట్టు కనిపించాలి కదా. పైన కార్తీకమాసపు తేదీ వేశాను.

కంపెనీ ఆయన ఆ పేజీ తిప్పి అందరికీ చూపించాడు. "సూడుండ్రి, పెద్దమ్మ ఎంత కష్టపడ్డదో. పాటంటే గిట్ల పుడతది."

లావణ్య నోట్‌బుక్ అందుకుని నింపాదిగా చదివింది.

"టీచరమ్మా, గీ తారీకు నిజమేనా?"

"నా తారీకు ఎన్నడన్న తప్పిందా బిడ్డా?"

"తప్పదనే అడుగుతున్న. గప్పటికి మా అమ్మ పెండ్లే కాలే. మరి బస్సును ఎవల బిడ్డ గురించి అడిగినవ్?"

నాకు ఆడపిల్లలు లేరు. ఇద్దరూ కొడుకులే. అది ఆమెకూ తెలుసు.

"పాటంటే ఊహ కద బిడ్డా."

"మంచిగ ఊహించినవ్ టీచరమ్మా. మా నాయిన ఊరు సుత ముందుగాలనే ఊహించినవ్."

ఎవరో నవ్వారు. పిల్లకు నోరెక్కువ అన్నారు. మల్లవ్వ బిడ్డ పెండ్లికన్నా నా తేదీ ముందున్నది కాబట్టి పాట నాదేనని తేల్చారు. లావణ్య ఆ రోజే పాట తీసేసింది.

ఇది ఆరేండ్ల కిందటి మాట. ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఆపితే ఇదీ ఇంకో దొంగ పేజీ అవుతుంది.

క్యాసెట్ వచ్చిన వారం, మల్లవ్వ ఆ అట్టను రెండు చేతులా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. తన పేరు ఎక్కడుందో చూపించమంది. ఆమెకు చదువు రాదు. నేను నా పేరు మీద వేలు పెట్టి చూపించాను. ఆమె ఆ అక్షరాలను కండ్లకు అద్దుకుంది. అప్పుడు నన్ను తొందరపెట్టిన కంపెనీ లేదు, పంచాయితీ లేదు. మేమిద్దరమే. లేదని చెప్పినా ఆమె నన్ను ఏమీ అనేది కాదు. మరి వేలు ఎందుకు పెట్టాను? ఈ ఒక్కదానికి నా దగ్గర కారణం లేదు.

ఇది చదివి, ఈమె పాటలన్నీ ఇట్లాంటివే అనేవాళ్లుంటారు. వాళ్లు నా ఇంటికి రావచ్చు. నోట్‌బుక్‌లన్నీ ఉన్నాయి. ఏ పాటలో ఏ మాట దగ్గర ఎన్ని రోజులు ఆగానో చూపిస్తాను.

ఆ రెండు పేజీలనూ చింపి, అసలుది ఏదో దొంగది ఏదో వాటి మీదనే రాసి, సంతకం పెట్టి, కోరుట్లకు రిజిస్టర్ పోస్టులో పంపాను. లావణ్య వాటిని ఏం చేసుకుంటుందో ఆమె ఇష్టం. జవాబు రాయమనలేదు.

నోట్‌బుక్ చివర రెండు వందల పద్నాలుగును కొట్టేసి, పక్కన రెండు వందల పదమూడు అని వేశాను. అవి నావి. వాటిలో ఒక్క పదం కూడా ఎవరికీ వదలను.

లెక్క సరిపోయింది.